దారిలోనే కదా!

ఫోన్లో దారి చూపించే ఆ మ్యాపును ఎండాకాలం సెలవులు అయ్యేదాకా నిషేధించాలి. పాఠక మహాశయులారా, అది పచ్చి అబద్ధాలు చెబుతోంది!

సంగారెడ్డి నుంచి కొమురవెల్లి మల్లన్న గుడికి ఎంతసేపు పడుతుందని దాన్ని అడిగి చూడండి. మూడు గంటలు అంటుంది, సిగ్గు లేకుండా. ఒక నీలం గీత గీసి చేతిలో పెడుతుంది. ఆ గీతకు జోగిపేటలో మనకు మేనమామ ఉన్నాడని తెలుసా? సదాశివపేటలో చిన్నమ్మ మోకాలి ఆపరేషన్ చేయించుకుంటే ఇంతవరకూ మనింటి నుంచి ఎవరూ చూసి రాలేదని తెలుసా? చుట్టాలు లేని మనిషెవరో గీసిన గీత అది. దాన్ని నమ్ముకుంటే గుడికి పోయి రాగలం గానీ, రేపు ఎవరి పెళ్లిలోనూ తలెత్తుకుని భోజనం చేయలేం.

అసలు మన దగ్గర దారిని వేసేది కంకరా తారూ కాదు. "దారిలోనే కదా" అనే మాట! ఇంటి పెద్దావిడ నోటి నుంచి ఆ మాట వెలువడిందంటే చాలు, తూర్పున ఉన్న గుడికి పడమర నుంచి రోడ్డు పడిపోతుంది. టెండర్లు లేవు, టోల్‌గేట్లు లేవు. ఇలాంటి వరాన్ని పట్టుకుని కొందరు "చుట్టుతిరుగుడు" అంటున్నారు, "డీజిల్ దండగ" అంటున్నారు. వాళ్లను చూస్తే జాలేస్తుంది. ఈ మాట వల్ల మనిషికి ఎంత మేలు జరుగుతుందో శ్రీశైలాన్ని అడిగితే చెబుతాడు.

శ్రీశైలం ఎవరంటారా? ఇస్నాపూర్ చౌరస్తాలో, హైవేకు రెండు నిమిషాల నడకలో సొంత ఇల్లున్న అదృష్టవంతుడు. సొంతూరు లక్డారం. బొల్లారంలో మందుల కంపెనీలో ఆపరేటరు. రెండేళ్ల కింద ఇల్లు కొనేటప్పుడు భార్య పుష్ప లోపల కాలనీలో ఇంకో ఇల్లు చూపించింది. అక్కడ వేపచెట్టు నీడ ఉంది, లారీల మోత లేదు. శ్రీశైలం ఒక్క మాటతో కొట్టిపారేశాడు.

"ఈడైతే అందరికి దారిల ఉంటది పుష్పా. సంగారెడ్డికెల్లి పట్నం పొయ్యేటోళ్లు, పట్నంకెల్లి వచ్చేటోళ్లు, ఒక్క చుట్టం తప్పిపోడు సూడు!"

ఆ వచ్చేవాళ్లు కూర్చోవడానికి సోఫా కూడా కొన్నాడు. మొదటి చుట్టం వచ్చినప్పుడు తీద్దామని దాని ప్లాస్టిక్ కవరు అలాగే ఉంచాడు. రెండేళ్లయింది. సోఫా ఇంకా షాపులో ఉన్నంత కొత్తగా ఉంది. ఇలా సామాను పాడవకుండా కాపాడే వరం ఇంకెక్కడైనా చూశారా?

అతనికి ఒక్కతే చెల్లెలు, చంద్రిక. సంగారెడ్డిలో ఇచ్చారు. నెలకోసారి బట్టలకో, ఆస్పత్రికో పట్నం పోతూనే ఉంటుంది. అన్న ఇంటి ముందు నుంచే పోతుంది. పోతున్న ప్రతిసారీ బస్సులోంచి ఫోన్ చేస్తుంది. "అన్నా, మీ ఇంటి ముందుకెల్లే పోతున్ననే!" శ్రీశైలం గబగబా మేడ మీదికెక్కి హైవే మీద పోతున్న బస్సులన్నింటికీ చెయ్యి ఊపుతాడు. ఏ బస్సో తెలియదు కాబట్టి ఒక్కదాన్నీ వదలడు. బీదర్ పోయే బస్సు డ్రైవర్లు కొందరు ఇప్పుడు తిరిగి చెయ్యి ఊపుతున్నారు.

దిగి రావచ్చు కదా అంటారా? ఎందుకండీ! దూరాన ఉన్న ఇంటికైతే ఈ రోజు పోకపోతే మళ్లీ పోలేం. దారిలో ఉన్న ఇంటికి ఎప్పుడైనా పోవచ్చు.

ఇక అసలు విషయానికి వద్దాం. చంద్రిక కొడుకు విహాన్‌కు పుట్టువెంట్రుకలు తీయలేదు. మల్లన్న దగ్గర తీస్తామని మొక్కుకున్నారు. మొదటి ఏడు చుట్టాలందరికీ కుదరలేదు. రెండో ఏడు సరిసంఖ్య, పనికిరాదు. మూడో ఏడు వచ్చే శుక్రవారంతో నిండిపోతోంది. అది దాటిందా, ఐదో ఏడు దాకా ఆగాల్సిందే. ఇప్పటికే పిల్లవాడికి రెండు జడలు! తలంతా చెమటకాయలు. అంగన్‌వాడీలో ఆడపిల్లల వరుసలో కూర్చోబెడితే వాడూ బుద్ధిగా కూర్చుంటున్నాడు. మిగిలింది ఒకే ఒక్క ఆదివారం.

మేనమామ లేనిదే ఈ పని జరగదు. పిల్లవాణ్ణి ఒడిలో కూర్చోబెట్టుకుని మొదటి మూడు కత్తెర్లు వేయాల్సింది మేనమామే. మంగలి కత్తి ఆ తర్వాతే. అంటే మొత్తం కార్యంలో దేవుడి తర్వాత తప్పనిసరిగా ఉండవలసింది శ్రీశైలం ఒడి!

ఆ ఒడికి సెలవు దొరకడం మాటలా? శ్రీశైలం రెండు డబుల్ డ్యూటీలు చేశాడు. షిఫ్ట్ ఇన్‌చార్జి బాపిరాజును వారం రోజులు బతిమాలాడు. గోదావరి వైపు నుంచి వచ్చిన ఆ పెద్దమనిషి చివరికి కరిగాడు.

"సరేనండీ శ్రీశైలం గారూ, వెళ్లండి. కానీ రాత్రి పదింటికి సి షిఫ్టులో మీరు కనపడకపోతే నా ఉద్యోగం ఊడిపోద్ది!"

ఆరింటికి బయల్దేరితే తొమ్మిదికి గుడి. ఒంటిగంటకల్లా మొక్కు తీరుతుంది. సాయంత్రం ఇంటికొచ్చి ఒక కునుకు తీసి డ్యూటీకి పోవచ్చు. శ్రీశైలం వేసుకున్న లెక్క ఇది. పాపం, మ్యాపు చూసి వేసుకున్నాడు.

ముందురోజు చంద్రిక ఫోన్ చేసింది. "అన్నా, పొద్దుగాల రోడ్డు మీద నిలవడు. నువ్వైతే దారిలనే ఉన్నవు గద, చిటికెల ఎక్కించుకుంటం."

"ఇంట్లకొచ్చి జెర చాయ్ తాగి పోరాదే? మీ వదిన గూడ చాన దినాలాయె అంటుంది."

"యాడ టైముందన్నా! నీ ఇల్లు యాడికి పోతది, దారిలనే ఉంటది."

ఆదివారం ఆరింటికి రమ్మంటే శ్రీశైలం ఐదుంపావుకే చౌరస్తాలో నిలబడ్డాడు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, భుజాన కొత్త తువ్వాల. చేతిలో మేనల్లుడి కొత్త బట్టల సంచి. జేబులో పసుపు గుడ్డలో చుట్టిన కొత్త కత్తెర. ఎ షిఫ్టుకు పోతున్న కంపెనీ బస్సు అతని ముందు నుంచే పోయింది. కిటికీల్లోంచి అందరూ చేతులూపారు. ఈసారి ఎవరో తెలిసే ఊపాడు కాబట్టి శ్రీశైలానికి మరింత సంతోషం కలిగింది. పట్టుచీర కట్టుకున్న పుష్ప మాత్రం, బండి వచ్చాక ఫోన్ చేస్తే వస్తానని ఇంట్లోనే కూర్చుంది. ఆడవాళ్లకు ఇలాంటి విషయాల్లో నమ్మకం తక్కువ.

ఆరున్నరకు ఫోన్. "బయల్దేరినమన్నా! దారిలనే ఉన్నం!" వెనకాల బాత్రూంలో చెంబు చప్పుడు వినిపించింది.

అక్కడ సంగారెడ్డిలో జరుగుతున్నది శ్రీశైలానికి తెలియదు. చంద్రిక అత్తగారు సత్తెమ్మ "దారిలోనే" శాస్త్రంలో ఆరితేరిన మనిషి. చుట్టాలను ఫోన్లో పిలిస్తే పిలిచినట్టు కాదని ఆమె నమ్మకం. గడప తొక్కాలి, బొట్టు పెట్టాలి, నోటితో రమ్మనాలి. నెల రోజులుగా పోదాం పోదాం అనుకుంటూనే ఉంది. ఒకరోజు మోకాళ్ల నొప్పి, ఒకరోజు ఎండ, ఇంకోరోజు టీవీ. ఆఖరికి శనివారం ఆమెకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. ఫంక్షన్‌కు పోతూ పోతూ, దారిలోనే చుట్టాలను ఫంక్షన్‌కు పిలిస్తే?

పదకొండు సీట్ల తుఫాన్ బండి సంగారెడ్డి నుంచి తూర్పుకు తిరగాల్సింది. పడమరకు తిరిగింది! డ్రైవర్ ప్రవీణ్ కొత్తవాడు, తెలియక అడ్డు చెప్పాడు. "అమ్మా, గుడి గిటు గాదు."

"గుడి యాడికి పోతది బిడ్డా? మా చెల్లె ముత్యమ్మకు కోపమొస్తె ఎవలు తీర్సాలె?"

చూశారా ఆ జ్ఞానం! దేవుడు ఎంత ఆలస్యమైనా అలగడు. ఒకవేళ అలిగినా బంతిలో మన పక్కన కూర్చుని మొహం అటు తిప్పుకోడు. ప్రవీణ్ ఆ తర్వాత ఎటు తిప్పమంటే అటే స్టీరింగ్ తిప్పాడు.

సదాశివపేటలో, మోకాలి ఆపరేషన్ అయిన ఆ చెల్లెలు ముత్యమ్మ బొట్టైతే పెట్టించుకుంది గానీ మూతి ముడుచుకుంది. "పొద్దుగాల బొట్టు వెట్టి గీ పొద్దే రమ్మంటె ఎట్లనే అక్కా? మేం దేంట్ల రావాలె?"

"బండి ఉన్నది గదనే. ఎక్కు!"

ముత్యమ్మ ఎక్కింది. ఆమె భర్త ఎక్కాడు. ఇద్దరు మనవరాళ్లు ఎక్కారు. తర్వాత కూలర్ ఎక్కింది. కూలర్ మొక్కు ఏమిటని అడగకండి. అది నెల నుంచి తిరగడం లేదు. పటాన్‌చెరులో దాన్ని మంచిగా చేసే మనిషి ఉన్నాడు. పటాన్‌చెరు దారిలోనే కదా!

తొమ్మిదికి మళ్లీ ఫోన్. "అన్నా, సదాశివపేటల టిఫిన్ చేస్తున్నం. దారిలనే."

"సదాశివపేట అటుదిక్కు గదనే చంద్రికా!"

"అవ్ అన్నా. ఈడికెల్లి జోగిపేట దగ్గరనే అంటుంది అత్తమ్మ."

శ్రీశైలం నీడ కోసం పాన్‌డబ్బా పక్కకు జరిగాడు. అక్కడ గుట్కా కొంటున్న బిహారీ కుర్రాళ్లు అతన్ని పైనుంచి కిందికి చూసి, "భయ్యా, ఆజ్ షాదీ హై క్యా?" అని పెళ్లికొడుకును అడిగినట్టు ఆప్యాయంగా అడిగారు. పదకొండింటికి పుష్ప గొడుగు, నీళ్ల సీసా పట్టుకుని వచ్చింది.

"ఇంట్లకొచ్చి కూసోరాదు? వాళ్లొస్తె ఫోన్ చేస్తరు గద."

"రోడ్డు మీద నిలవడుమన్నది పుష్పా. నేను కనవడకుంటె అట్లనే ఎల్లిపోతరేమో."

ఇల్లేమో కనుచూపు మేరలో ఉంది. అయినా కదల్లేదు. పుష్ప గొడుగు అతని చేతికిచ్చి వెళ్లిపోయింది.

జోగిపేటలో సత్తెమ్మ అన్న ఎల్లయ్య ఇంట్లో ఆదివారం కోడికూర అప్పటికే పొయ్యి మీద ఉడుకుతోంది. మల్లన్న మొక్కుకు పోతూ అది ముట్టకూడదు. అట్లాగని తినకుండా లేస్తే ఎల్లయ్య ఊరుకుంటాడా? వీళ్ల కోసం మళ్లీ పప్పు ఎసట్లో వేయించాడు. పప్పు ఉడికేదాకా ఊరికే కూర్చోవడం దేనికని అందరూ తోటలోకి పోయి పచ్చడికి మామిడికాయలు తెంపారు. అవి బస్తాకు పైగా అయ్యాయి. ఎల్లయ్య ఎక్కాడు, అతని భార్య, కోడలు, కోడలి తల్లి ఎక్కారు. బస్తా ఎక్కింది.

రెండూ నలభైకి ఇస్నాపూర్ చౌరస్తాలో కంపెనీ బస్సు ఆగింది. పొద్దున పోయిన ఎ షిఫ్టే, పని చేసుకుని తిరిగొస్తోంది. కిటికీలోంచి బాపిరాజు తల బయటపెట్టాడు.

"శ్రీశైలం గారూ! గుడికెళ్లి వచ్చేశారా అప్పుడే?"

"లేద్సార్. ఇంక పోలే. చెల్లెవాళ్లు వస్తుండ్రు."

"అయితే ఖాళీగానే ఉన్నారు కదండీ! బి షిఫ్టులో ఒక మనిషి తగ్గాడు. కంపెనీ ఎలాగూ మీకు దారిలోనే కదా!"

శ్రీశైలం దండం పెట్టాడు. బస్సు వెళ్లిపోయింది. తెల్ల చొక్కా అప్పటికి లారీల దుమ్ముతో చాయ్ రంగుకు వచ్చింది.

నాలుగూ ఇరవైకి తుఫాన్ వచ్చింది. హారన్ కొట్టుకుంటూ, పాటలు పెట్టుకుంటూ, పది గంటలు ఆలస్యంగా వచ్చి, తానే పది నిమిషాలు ముందొచ్చినట్టు తొందరపెట్టింది. "జల్దీ ఎక్కు బావా, టైమైతుంది!" అన్నాడు చంద్రిక భర్త మహేష్.

శ్రీశైలం తలుపు తీశాడు. మనవరాళ్లు ఒళ్లలో సర్దుకోగా లోపల పద్ధతిగా పదకొండు మందీ ఉన్నారు. అతని కోసమని పొద్దున తువ్వాల వేసి ఉంచిన సీట్లో మామిడికాయల బస్తా కూర్చుని ఉంది, తువ్వాలతో సహా. కాళ్లు పెట్టే చోట కూలర్. పుష్పకు సీటు సంగతి ఎవరికీ గుర్తే లేదు.

"బస్తా మీద కూసుంటె కాయలు పలుగుతయి బిడ్డా," అని ఎల్లయ్య ముందే హెచ్చరించాడు.

మహేష్ తెలివైనవాడు. "గట్లైతె నువ్వు నా ఒళ్లె కూసో బావా. పోరడు నీ ఒళ్లె కూసుంటడు."

ఏ ఒడి కోసమైతే బండి కట్టారో ఆ ఒడికే ఇంకో ఒడి వెతకాల్సి వచ్చింది. కానీ శ్రీశైలానికి నవ్వు రాలేదు. గడియారం చూసుకున్నాడు.

"ఇప్పుడు పోతె ఏడున్నరైతది. ఇగ పొద్దుగాలనే గుండు గీస్తరు. పదింటికి నేను డ్యూటీల లేకుంటె ఆ సారు నౌకరీ పోతది, నాది గూడ పోతది. నేను రాలేనే చంద్రికా."

పాట ఆగిపోయింది. పాట ఆపింది ప్రవీణే. చంద్రిక మొహం ఎర్రబడింది. "శుక్రారంతోని మూడేండ్లు నిండుతయన్నా! నువ్వు లేకుంటె ఎట్ల తీస్తరు? ఇంకో ఏడాది గీ జడలు నేను అల్లాల్నా?" అని ఏడుపు అందుకుంది. తల్లి ఏడుస్తుంటే రెండు జడల విహాన్ కూడా మొదలుపెట్టాడు.

శ్రీశైలం జేబులోంచి పసుపు గుడ్డ తీశాడు. "నాయి మూడు కత్తెర్లే గద. అవి ఈడనే ఏస్త. ఆ ఎంటికలు కట్టుకపోయి మల్లన్నకియ్యుండ్రి. గుండు రేపు పొద్దుగాల ఆడ గీపియ్యుండ్రి."

"నడిరోడ్డు మీదనా?" అంది సత్తెమ్మ.

"రోడ్డు మీద ఎందుకత్తమ్మా? ఇల్లున్నది. రెండు నిమిషాలు." ఇంటి వైపు చెయ్యి చూపించాడు. "దారిలనే."

అలా రెండేళ్ల తర్వాత ఆ ఇంటి గడపను చుట్టాలు తొక్కారు. ఒకరు కాదు, పదకొండు మంది, పన్నెండో వాడు విహాన్, పదమూడో వాడు ప్రవీణ్! పుష్ప ఒక్క పరుగున సోఫా దగ్గరికి పోయింది. ప్లాస్టిక్ కవరు టేపు రెండేళ్లుగా అతుక్కుని ఉంది, గోళ్లకు రాలేదు. పట్టుచీరతోనే వంగి పళ్లతో కొరికి చింపింది.

"మస్తు మెత్తగున్నది. ఎప్పుడు కొన్నరు?" అని సత్తెమ్మ అడిగింది.

"రెండేండ్లాయె అత్తమ్మా," అంది పుష్ప, కవరు మడుస్తూ.

శ్రీశైలం తూర్పు మొహంగా కూర్చున్నాడు. విహాన్ ఒడిలోకి వచ్చి ఏడుపు ఆపి కత్తెర వంక చూశాడు. మొదటి కత్తెర పడింది. చంద్రిక కొంగు పట్టింది. రెండోది పడింది. మూడోది పడ్డాక వాడు తల ఇంకా ముందుకు వంచి, "ఇంగోటి మామా," అన్నాడు. ఇల్లంతా ఘొల్లుమంది. శ్రీశైలం కూడా నవ్వాడు గానీ కళ్లు తడిసిపోయాయి. ఆ రోజంతా నిలబడ్డ కాళ్ల నొప్పి ఒక్క నిమిషంలో పోయింది. ఇందుకు కదా ఇల్లు కొన్నది అనిపించింది.

చంద్రిక ఇల్లంతా కలయజూసి కిటికీ దగ్గర ఆగింది. "అన్నా, ఈడికెల్లి హైవే కనవడ్తదా?"

"కనవడ్తది. నువ్వు పొయ్యే బస్సు గూడ కనవడ్తది."

ఆమె వెంట్రుకలు కట్టిన కొంగుముడిని ఇంకోసారి బిగించుకుంది. ఆ తర్వాత మహేష్ హారన్ కొట్టాడు.

ఎక్కేటప్పుడు చంద్రిక వదిన చెయ్యి పట్టుకుంది. "రేపు వచ్చేటప్పుడు పక్కా ఆగుతం వదినా. బువ్వ గూడ ఈడనే. దారిలనే కదా!" అంతలో ముత్యమ్మ కూలర్ దింపించి వరండాలో పెట్టించింది. "ఇది నువ్వే చేపియ్యి కొడుకా. పటాన్‌చెరు నీకైతే దారిలనే." శ్రీశైలం రాత్రి పదింటికి డ్యూటీలో కనపడ్డాడు. బాపిరాజు ఉద్యోగం నిలబడింది.

సోమవారం పుష్ప పదమూడు మందికి వండింది. శ్రీశైలం నైట్ డ్యూటీ దిగి, పడుకోకుండా, చౌరస్తాలో నిలబడ్డాడు. మధ్యాహ్నం మూడింటికి ఫోన్ వచ్చింది. విహాన్ గుండు మెరిసిపోతోందట. మొక్కు బ్రహ్మాండంగా తీరిందట.

"యాడున్నరే? అన్నం సల్లారిపాయె."

"ఇంటికొచ్చేసినమన్నా! నర్సాపూర్ల అత్తమ్మ వాళ్ల సుట్టమున్నదట. దారిలనే కదా అని అటుకెల్లే వచ్చినం. నీ ఇల్లు యాడికి పోతదన్నా, ఎప్పుడైన రావచ్చు!"

కాబట్టి మహాశయులారా, ఆ మాటను తిట్టకండి. అది లేకపోతే సదాశివపేట చిన్నమ్మ మోకాలు ఎవరు చూసేవారు? జోగిపేట మామిడికాయలు ఎవరు తెంపేవారు? నర్సాపూర్ చుట్టం ఉందని ఎవరికి తెలిసేది? దూరాన ఉన్న ప్రతివాడి ఇంటికీ మనుషులను నడిపించే మాట అది.

కూలర్ బాగైంది. ముత్యమ్మ మూడుసార్లు ఫోన్ చేసింది, పంపించమని. "నువ్వే వచ్చి తీస్కపో చిన్నత్తమ్మా, దారిలనే కదా," అని శ్రీశైలం మూడుసార్లూ మర్యాదగా చెప్పాడు. కూలర్‌ను ఇప్పుడు సోఫా పక్కన పెట్టుకున్నారు. దాని కోసమైనా ఎవరో ఒకరు రాకపోతారా అని పుష్ప ఆశ.

శ్రీశైలం మాత్రం ఇల్లు అమ్మకానికి పెట్టాడు. ఆదివారాలు ప్లాటు కోసం తిరుగుతున్నాడు. బ్రోకర్లు హైవే ఫేసింగ్ అనగానే దండం పెట్టి లేచిపోతున్నాడు. నీళ్లు లేకపోయినా ఫర్వాలేదట, కరెంటు తర్వాత చూసుకుంటాడట. మట్టిరోడ్డు చివర, దాని తర్వాత ఇంకేమీ లేని చోటు కావాలట. ఏ గుడికీ, ఏ ఆస్పత్రికీ, ఏ చుట్టం ఇంటికీ అది దారిలో ఉండకూడదట.

మీకు తెలిసి అలాంటి చోటుంటే చెప్పండి. అక్కడికి ఎవరైనా వచ్చారంటే, అతన్ని చూడ్డానికే వచ్చినట్టు.